సీ డ్రైవ్ కంటే ముందు: గ్యారీ కిల్డాల్ కథ

మన ల్యాప్‌టాప్‌లో డ్రైవ్‌లు సీ నుంచే ఎందుకు మొదలవుతాయి? ఏ, బీ ఏమైపోయాయి? ఈ డౌట్ మనలో చాలామందికి ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. సమాధానం చిన్నదే. ఏ, బీ అనేవి ఫ్లాపీ డ్రైవ్‌ల పేర్లు. హార్డ్ డిస్క్ తర్వాత వచ్చింది కాబట్టి దానికి మూడో అక్షరం దక్కింది. ఫ్లాపీలు వెళ్ళిపోయాయి, వాటి కుర్చీలు మాత్రం ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఇంకో డౌట్. విండోస్‌లో కాన్ అనే పేరుతో ఫోల్డర్ ఎందుకు చెయ్యలేం? స్కూల్ కంప్యూటర్ ల్యాబుల్లో ఇదో పెద్ద మిస్టరీ. దీన్ని ఒక భారతీయుడు కనిపెట్టాడని, కారణం బిల్ గేట్స్‌కి కూడా తెలీదని ఫార్వర్డ్ మెసేజ్‌లు తిరిగాయి. నిజానికి కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డూ తెరా. అది ఒక పరికరం పేరు. ఆ పేరు ఫైల్‌కి పెడితే సిస్టమ్‌కి తికమక కాబట్టి పెట్టనివ్వదు.

ఈ రెండు అలవాట్లూ మైక్రోసాఫ్ట్ పుట్టించినవి కావు. సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి డాస్‌కి, డాస్ నుంచి విండోస్‌కి వారసత్వంగా వచ్చాయి. సీపీ/ఎం రాసినాయన పేరు గ్యారీ కిల్డాల్.

కిల్డాల్ పేరు మన కాలేజీల్లో వినిపించేది దాదాపు ఒకే ఒక్క చోట, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ క్లాసులో. ఐబీఎం వాళ్ళు వెతుక్కుంటూ ఇంటికొస్తే ఈయన విమానం వేసుకుని షికారుకి వెళ్ళాడట, ఆ ఛాన్స్ బిల్ గేట్స్ కొట్టేశాడట, కాబట్టి పిల్లలూ, అవకాశం వస్తే వదలకండి. కథ అయిపోయింది, చప్పట్లు. ఆ కథ విన్నాక నాకు ఒకటే అనిపించింది. అంత పెద్ద కంపెనీ వెతుక్కుంటూ వచ్చేంతగా ఆయన ఏం చేశాడు? అది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ వ్యాసం.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక యంత్రంలో రాసింది ఇంకో యంత్రంలో నడవాలి అనే సమస్యని ఆయన పట్టుకున్నాడు. అందులో సగం గెలిచాడు. రెండో సగం మిగిలిపోయింది. ఆ మిగిలిన సగమే ఫ్లాపీల రూపంలో లక్షల మందిని ఏళ్ళ తరబడి ఏడిపించింది.

నావికుల బడి

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. వాళ్ళ కుటుంబానికి అక్కడ నావికులకి పాఠాలు చెప్పే బడి ఉండేది. తాతగారు పెట్టిన బడి, తర్వాత నాన్న నడిపించాడు. సముద్రం మీద ఓడ ఎక్కడుందో నక్షత్రాలని బట్టి లెక్క కట్టడం అక్కడి చదువు. గ్యారీ కూడా కొన్నాళ్ళు అక్కడ పాఠాలు చెప్పాడు. లెక్కల మాస్టారు కావాలని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరాడు. అక్కడ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తగులుకుంది. ఇక వదల్లేదు.

అది వియత్నాం యుద్ధ కాలం. నేవీలో చేరాల్సి వచ్చింది. కానీ ఆయన్ని యుద్ధానికి పంపకుండా కాలిఫోర్నియాలోని మాంటెరే ఊళ్ళో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌కి పంపారు. ఆఫీసర్లకి కంప్యూటర్ సైన్స్ చెప్పే ఉద్యోగం. అలా లెక్కల మాస్టారు కాబోయినవాడు కంప్యూటర్ మాస్టారు అయ్యాడు. 1972లో పీహెచ్‌డీ పూర్తి చేశాడు.

1973లో ఆయన ఒక పేపర్ రాశాడు. కంపైలర్ ఒక ప్రోగ్రామ్ మొత్తాన్ని చూసి ఏ విలువ ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రవహిస్తోందో తెలుసుకుని, అనవసరమైన పనిని ఎలా తగ్గించాలో చెప్పే పద్ధతి అది. మన సిలబస్‌లో డేటా ఫ్లో ఎనాలిసిస్ అని ఉంటుంది కదా, దాని పునాదుల్లో ఇదొకటి. ఫ్రాన్స్‌లో తయారైన కాంప్‌సర్ట్ అనే కంపైలర్ ఉంది. తప్పు కోడ్ పుట్టించదని గణితంతో రుజువు చేసిన కంపైలర్ అది. అందులో ఈ పని చేసే ఫైల్ పేరే కిల్డాల్. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్క లైన్ రాయకపోయినా ఆయన పేరు మన పుస్తకాల్లో ఉండేది.

డ్రైవ్ ఉంది, నడిపేదే లేదు

ఇంటెల్ 1971లో 4004 అనే చిన్న ప్రాసెసర్‌ని అమ్మకానికి పెట్టింది. నాన్నగారి బడిలో చేతితో వేసే త్రికోణమితి లెక్కల్ని ఈ చిప్‌తో చేయించొచ్చా అని కిల్డాల్ ఆలోచించాడు. ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టి, చివరికి ఇంటెల్‌కి కన్సల్టెంట్ అయ్యాడు. వారంలో ఎక్కువ రోజులు మాంటెరేలో పాఠాలు, వీలున్న రోజు కారులో ఇంటెల్ ఆఫీసుకి. ఆ చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే భాష తయారు చేసిచ్చాడు. అంతకు ముందు మైక్రోప్రాసెసర్‌కి ఏం రాయాలన్నా మెషిన్ కోడ్‌తోనో అసెంబ్లీతోనో తంటాలు పడాలి.

ఇక్కడో ఇబ్బంది ఉండేది. రాసిన ప్రోగ్రామ్‌ని దాచుకోవడానికి కాగితం టేపు తప్ప దిక్కు లేదు. టెలిటైప్ అనే టైపు మెషిన్ సెకనుకి 10 అక్షరాల చొప్పున టేపుకి కన్నాలు పెడుతూ పోయేది. ఇరవై వేల అక్షరాల ప్రోగ్రామ్ అనుకోండి. అరగంట దాటుతుంది. ఒక్క తప్పు ఉందా, మళ్ళీ మొదటి నుంచి.

అప్పటికే పెద్ద కంప్యూటర్లకి ఎనిమిది అంగుళాల ఫ్లాపీ వచ్చింది. షుగార్ట్ కంపెనీ నుంచి కిల్డాల్‌కి ఒక డ్రైవ్ దొరికింది. కానీ డ్రైవ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండాల్సిన కంట్రోలర్ సర్క్యూట్ లేదు. తనే కట్టబోయాడు, కుదరలేదు. హార్డ్‌వేర్ ఆయన చేతికి లొంగేది కాదు. యూనివర్సిటీ స్నేహితుడు జాన్ టొరోడ్‌ని పిలిచాడు. టొరోడ్ కంట్రోలర్ కట్టాడు, కిల్డాల్ సాఫ్ట్‌వేర్ రాశాడు. 1974లో మాంటెరే పక్కనే ఉన్న పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో, కాగితం టేపు నుంచి ఫ్లాపీ మీదకి ప్రోగ్రామ్ ఎక్కించి నడిపించి చూశారు. నడిచింది.

దాని పేరే సీపీ/ఎం. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, తర్వాత మూడు అక్షరాలు. డైరెక్టరీలో ఒక్కో ఎంట్రీకి 32 బైట్లు. ఇంటెల్‌కి ఇస్తానంటే వాళ్ళు భాష చాలన్నారు, ఆపరేటింగ్ సిస్టమ్ అక్కర్లేదన్నారు. దాంతో హక్కులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. భార్య డొరొతీతో కలిసి ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అని కంపెనీ పెట్టాడు. పేరు చూసి నవ్వొచ్చింది కదా, తర్వాత వాళ్ళే ఇంటర్‌గెలాక్టిక్‌ని తీసేశారు. డొరొతీ ఆర్డర్లూ ఒప్పందాలూ చూసుకునేది. ఈయన కోడ్ చూసుకునేవాడు. ఒక కాపీ ధర 70 డాలర్లు.

ఒక్క ముక్కని విడదీశాడు

అప్పట్లో మైక్రోకంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చేవి. ఒక్కోదాని కంట్రోలర్ ఒక్కో రకం, కీబోర్డు ఒక్కో రకం, మెమరీ ఒక్కో చోట. ప్రతి కొత్త యంత్రానికీ సీపీ/ఎం మొత్తం తిరగరాయాలి. ఇమ్‌సాయ్ అనే కంపెనీ తమ యంత్రానికి కావాలని అడిగినప్పుడు కిల్డాల్‌కి విసుగొచ్చింది. ఆ విసుగులోంచే మంచి డిజైన్ వచ్చింది.

హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకునే కోడ్‌ని మొత్తం ఒక మూలకి తెచ్చి పెట్టాడు. కీ నొక్కారా చూడు, తెర మీద ఒక అక్షరం వెయ్యి, ఫలానా ట్రాక్‌కి వెళ్ళు, ఫలానా సెక్టార్ చదువు. ఇలాంటి చిన్న చిన్న పనులే అందులో ఉంటాయి. తర్వాత వచ్చిన 2.2 వెర్షన్‌లో ఆ పనులన్నీ కలిపి 17. ఆ మూలకి పెట్టిన పేరు బయాస్. అవును, మన ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కితే వస్తుందని చెప్పుకునే బయాస్ పేరు అక్కడిదే. మిగతా సిస్టమ్, అంటే ఫైళ్ళూ ఆజ్ఞలూ చూసుకునే భాగం, ఏ యంత్రంలోనైనా ఒకటే.

దీని వల్ల ఏమైంది? కొత్త కంప్యూటర్ కట్టినవాడు ఆ 17 పనులు రాసుకుంటే చాలు, సీపీ/ఎం లేచి కూర్చుంటుంది. ఇక వర్డ్‌స్టార్ రాసినవాళ్ళు ఏ యంత్రం అని ఆలోచించక్కర్లేదు. ఫైల్ తెరవాలంటే సీపీ/ఎంని ఒక నంబర్‌తో అడిగితే సరిపోతుంది. వందల రకాల కంప్యూటర్ల మీద ఒకే ప్రోగ్రామ్ నడవడం అప్పుడే మొదలైంది. మనం ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో యాబ్‌స్ట్రాక్షన్ లేయర్ అని బొమ్మ గీసి ఐదు మార్కులు తెచ్చుకుంటాం. ఒక మాస్టారు పని తగ్గించుకోవడానికి చేసిన పని అది.

ఒకే సిస్టమ్, చదవలేని ఫ్లాపీ

ఇప్పుడు రెండో సగం. ఎనిమిది అంగుళాల ఫ్లాపీకి ఐబీఎం పెట్టిన ఒక పద్ధతి ఉండేది. 77 ట్రాకులు, ట్రాక్‌కి 26 సెక్టార్లు, సెక్టార్‌కి 128 బైట్లు. గుణిస్తే 2,56,256 బైట్లు. సీపీ/ఎం మొదట దీని మీదే పుట్టింది కాబట్టి అందరూ దీన్ని పాటించారు. ఒకరి డిస్క్ ఇంకొకరి దగ్గర తెరుచుకునేది.

తర్వాత చవకైన ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ వచ్చింది. దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు. బయాస్ ఎలాగూ ఎవరిది వాళ్ళే రాసుకుంటారు కదా, డిస్క్ పద్ధతి కూడా ఎవరిది వాళ్ళే పెట్టుకున్నారు. 1979లో వచ్చిన సీపీ/ఎం 2లో కిల్డాల్ డిస్క్ కొలతల్ని ఒక పట్టికలో రాసుకునే వీలు కల్పించాడు. అది గొప్ప సౌకర్యమే. కానీ ఆ సౌకర్యంతో ఎవరికి తోచిన కొలత వాళ్ళు రాసుకున్నారు. కిల్డాల్ అందరికీ తలుపు తెరిచాడు. ఎవరికి వాళ్ళు కొత్త తాళం బిగించుకున్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1, 1982లో వచ్చిన కేప్రో 2. రెండింట్లో జెడ్80 ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ, సీపీ/ఎం 2.2, ఐదుంపావు అంగుళాల డ్రైవ్‌లు. అక్కడా ఇక్కడా వర్డ్‌స్టార్ నడిచేది. ఇంత దగ్గరి చుట్టాలు. అయినా కేప్రోలో రాసిన ఫ్లాపీని మొదటి ఆస్బోర్న్‌లో పెడితే బ్యాడ్ సెక్టార్ అని ఎర్రర్ వచ్చేది. సెక్టార్ బ్యాడ్ కాదు, డిస్క్ శుభ్రంగానే ఉంది. ఆస్బోర్న్ సింగిల్ డెన్సిటీ: 40 ట్రాకులు, 10 సెక్టార్లు, ఒక్కోటి 256 బైట్లు, మొత్తం 100 కిలోబైట్లు. కేప్రో డబుల్ డెన్సిటీ: 40 ట్రాకులు, 10 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 200 కిలోబైట్లు. అయస్కాంతం మీద బిట్లు రాసే లిపే వేరు.

ఇలాంటప్పుడు తప్పు ఎక్కడుందో అప్పటివాళ్ళు కింది నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. ఈ వరస చదువుతుంటే నాకు మన నెట్‌వర్క్ లేయర్లు గుర్తొచ్చాయి.

మొదటి మెట్టు, వస్తువు. డిస్క్ అసలు డ్రైవ్‌లో దూరుతుందా? బ్రిటన్‌లో ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ 1985లో తెచ్చిన ఇంటి కంప్యూటర్లలో సీపీ/ఎం ఉండేది, కానీ వాటి డిస్కులు మూడు అంగుళాలవి. పక్కింటి ఐదుంపావు డ్రైవ్‌లో పెట్టే ప్రశ్నే లేదు.

రెండో మెట్టు, లిపి. సింగిల్ డెన్సిటీనా, డబుల్ డెన్సిటీనా, లేక ఆపిల్, కమోడోర్ కంపెనీలు వాడిన జీసీఆర్ అనే మూడో పద్ధతా? ఆపిల్ 2లో సాఫ్ట్‌కార్డ్ అనే బోర్డు పెడితే సీపీ/ఎం నడిచేది. 1980లో దాన్ని అమ్మింది మైక్రోసాఫ్టే, కిల్డాల్ దగ్గర లైసెన్స్ కొనుక్కుని. అయినా ఆపిల్ డ్రైవ్ కేప్రో డిస్క్‌ని చదవలేదు. ఇక్కడ తేడా హార్డ్‌వేర్‌లో ఉంది కాబట్టి ఎంత సాఫ్ట్‌వేర్ రాసినా లాభం లేదు. కమోడోర్ 64కి సీపీ/ఎం కార్ట్రిడ్జ్ వచ్చినా ఇదే కథ. కమోడోర్ 128తో వచ్చిన 1571 డ్రైవ్‌కి రెండు లిపులూ వచ్చు. అందుకే అది కేప్రో, ఆస్బోర్న్ డిస్కుల్ని కూడా చదివేది.

మూడో మెట్టు, కొలతలు. లిపి ఒకటే అయినా సెక్టార్లు ఎన్ని, వాటి నంబర్లు ఎక్కడ మొదలు, సిస్టమ్ కోసం మొదట్లో ఎన్ని ట్రాకులు వదిలారు, ఒక బ్లాక్ ఎంత? డైరెక్టరీ చూస్తే ఫైల్ పేర్ల బదులు పిచ్చి గుర్తులు వస్తే, వెతుకుతున్న చోటే తప్పు అని అర్థం. పేర్లు చక్కగా వచ్చి, ఫైల్ తెరిస్తే ముక్కలు తారుమారుగా ఉంటే, బ్లాక్ సైజో సెక్టార్ల వరసో తప్పు. ఆ రోజుల్లో సెక్టార్లని వరసగా రాసేవాళ్ళు కాదు. ప్రాసెసర్ ఒక సెక్టార్‌ని అరిగించుకునే లోపు డిస్క్ తిరిగిపోతుంది కదా, అందుకని కొన్నిటిని వదిలి వదిలి రాసేవాళ్ళు. ఎనిమిది అంగుళాల డిస్క్ మీద ఆరేసి చొప్పున దాటేవాళ్ళు.

నాలుగో మెట్టు, ఫైల్ లోపల. ఫైల్ పూర్తిగా వచ్చినా చివర చెత్త కనిపించేది. ఎందుకంటే సీపీ/ఎం ఫైల్ సైజుని 128 బైట్ల ముక్కల లెక్కలోనే గుర్తుపెట్టుకునేది. ఉత్తరం ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి కంట్రోల్ జెడ్ అనే గుర్తు పెట్టేవాళ్ళు. ఆ గుర్తు తెలియని యంత్రం మిగతాదంతా కూడా చదివేసేది. ఇక వర్డ్‌స్టార్ ఫైల్ అయితే చాలా మాటల చివరి అక్షరం పాడైనట్టు కనిపించేది. వర్డ్‌స్టార్ తన గుర్తు కోసం ఆ అక్షరం ఎనిమిదో బిట్‌ని వాడుకునేది మరి. సీపీ/ఎంతో వచ్చే పిప్ అనే కాపీ ప్రోగ్రామ్‌లో జెడ్ అనే ఆప్షన్ ఇస్తే ఆ బిట్ సున్నా అయ్యి, మామూలు అక్షరాలు బయటపడేవి.

ఏదీ కుదరకపోతే ఫ్లాపీని పక్కన పెట్టి తీగ పట్టుకోవడమే. రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టుల మధ్య ఒక కేబుల్. ఒకరు పంపే తీగ ఇంకొకరు వినే తీగకి వెళ్ళేలా 2, 3 నంబర్ల పిన్నుల్ని అడ్డంగా మార్చాలి. రెండు వైపులా వేగం ఒకటే పెట్టాలి. పిప్‌తో మామూలు ఉత్తరం పంపొచ్చు. ప్రోగ్రామ్ పంపితే మధ్యలో కంట్రోల్ జెడ్ లాంటి బైట్ తగలగానే ఫైల్ అయిపోయిందనుకుని ఆగిపోయేది. అందుకే ప్రోగ్రామ్‌ని హెక్స్ అక్షరాలుగా మార్చి పంపి, అవతల లోడ్ అనే ఆజ్ఞతో మళ్ళీ ప్రోగ్రామ్ చేసుకునేవాళ్ళు. ఈ బాధ పడలేక షికాగోకి చెందిన వార్డ్ క్రిస్టెన్‌సెన్ 1977లో ఒక పద్ధతి రాశాడు. తర్వాత అదే ఎక్స్‌మోడెమ్ అయింది. 128 బైట్లు పంపు, కూడిక పంపు, సరిపోతే సరే అను, లేదంటే మళ్ళీ పంపు. 128 అన్న సంఖ్య ఊరికే రాలేదు, అది సీపీ/ఎం ముక్క సైజే.

ఐబీఎం వచ్చిన రోజు

ఇక ట్రైనింగ్ క్లాసు కథ. 1980లో ఐబీఎం రహస్యంగా ఒక పర్సనల్ కంప్యూటర్ చేస్తోంది. బేసిక్ భాష కోసం మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళి, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అడిగింది. బిల్ గేట్స్ వాళ్ళని కిల్డాల్ దగ్గరికి పంపాడు. వాళ్ళు పసిఫిక్ గ్రోవ్ వచ్చిన రోజు కిల్డాల్ తన విమానంలో వెళ్ళింది నిజమే. కానీ షికారుకి కాదు, ఒక కస్టమర్ దగ్గరికి పని మీద. ఆయనకి విమానం అంటే మనకి బైక్ లాంటిది. ఒప్పందాల సంగతి ఎప్పుడూ డొరొతీయే చూసేది కాబట్టి ఆమె కూర్చుంది. ఐబీఎం ముందుగా ఒక రహస్య ఒప్పందం మీద సంతకం అడిగింది. అది పూర్తిగా ఒకవైపే ఉందని ఆమె, లాయరూ వెనకాడారు. సాయంత్రం కిల్డాల్ తిరిగొచ్చి వాళ్ళతో మాట్లాడాడా లేదా అన్న దగ్గర, ఆ రోజు ఉన్నవాళ్ళ జ్ఞాపకాలే కలవవు. మొత్తానికి ఒప్పందం కుదరలేదు.

అసలు ఇబ్బంది ఇంకోటి కూడా ఉంది. ఐబీఎం యంత్రంలో ఉండే 16 బిట్ ప్రాసెసర్‌కి సీపీ/ఎం వెర్షన్ అప్పటికి సిద్ధంగా లేదు. అది ఆలస్యమవుతోందని సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ తనే ఒక సిస్టమ్ రాసేశాడు. సీపీ/ఎం ప్రోగ్రాముల్ని సులువుగా మార్చుకోవాలని, సీపీ/ఎం అడిగే పద్ధతినే, ఆ నంబర్లనే చాలావరకు ఉంచాడు. డిస్క్ మీద ఫైళ్ళు పెట్టే పద్ధతి మాత్రం వేరు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని ఐబీఎంకి ఇచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది.

కిల్డాల్‌కి కోపం వచ్చింది. అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కి కాపీరైట్ చట్టం స్పష్టంగా వచ్చిందే 1980 చివర్లో. కోర్టుకి వెళ్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. సీపీ/ఎం కూడా పీసీకి అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. తీరా ధరలు చూస్తే, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సిస్టమ్ 40 డాలర్లు, కిల్డాల్‌ది 240. కొనేవాడు ఏది తీసుకుంటాడో చెప్పక్కర్లేదు.

ఇందులో కిల్డాల్ తప్పు లేదని నేను అనను. 16 బిట్ వెర్షన్ ఆలస్యమైంది. వ్యాపారం మీద ఆయనకి ఆసక్తి తక్కువ. ఐదుంపావు ఫ్లాపీకి ఒక ఉమ్మడి పద్ధతిని గట్టిగా నిలబెట్టి ఉండాల్సిన వాళ్ళలో ఆయన కంపెనీయే మొదటిది, అది జరగలేదు. ఫ్లాపీల గొడవ చివరికి తీరింది మంచి డిజైన్ వల్ల కాదు. అందరూ ఐబీఎం పీసీని కాపీ కొట్టడంతో, దాని డిస్క్ పద్ధతే అందరి పద్ధతి అయిపోయింది. కానీ ఆ కాపీలు సాధ్యమైంది కూడా, హార్డ్‌వేర్‌ని ముట్టుకునే కోడ్‌ని బయాస్ అని ఒక పక్కకి పెట్టడం వల్లే. ఆయన గెలిచిన సగం, ఆయన పేరు లేకుండానే, మిగిలిన సగాన్ని కూడా తీర్చింది.

తర్వాత

ఆయన అక్కడితో ఆగిపోలేదు. ఈ విషయం మోటివేషనల్ కథలో అస్సలు రాదు. 1983 నుంచి 1990 వరకు కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో స్టూవర్ట్ షిఫేతో కలిసి కనిపించాడు. ఆ ఎపిసోడ్లు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. చూడండి, పోటీ కంపెనీ వాళ్ళు వచ్చినా నెమ్మదిగా, ఇష్టంగా ప్రశ్నలడుగుతాడు. మాస్టారుతనం ఎక్కడికీ పోలేదు. పిల్లల కోసం డాక్టర్ లోగో చేశాడు. సీడీ-రోమ్ కోసం వేరే కంపెనీ పెట్టి, 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియాని ఒక సీడీ మీదకి తెచ్చాడు. ఆయన కంపెనీ జెమ్ అనే కిటికీల తెరనీ, 1988లో డీఆర్ డాస్‌నీ తెచ్చింది. 1991లో కంపెనీని నోవెల్ కొనేసింది.

డబ్బుకి లోటు లేదు. కానీ ఎక్కడికెళ్ళినా విమానం కథే. డొరొతీతో విడిపోయాడు. చివరి ఏళ్ళలో తాగుడు ఎక్కువైంది. తను చదివిన యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం వార్షికోత్సవానికి ముఖ్య ప్రసంగం బిల్ గేట్స్‌కి ఇచ్చి, ఈయన్ని వచ్చి వినమన్నారు. అక్కడ పీహెచ్‌డీ చేసినవాడు ఈయన. ఆ బాధలో తన జ్ఞాపకాలు రాసుకుని, కొద్దిమంది స్నేహితులకి పంచాడు. 1994 జులైలో మాంటెరేలో ఒక బార్‌లో కిందపడి తలకి దెబ్బ తగిలింది. మూడు రోజుల తర్వాత, జులై 11న చనిపోయాడు. వయసు 52.

గుర్తింపు ఆయన పోయాకే ఎక్కువ వచ్చింది. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో ఆయన పాత ఆఫీసు ముందు ఐఈఈఈ వాళ్ళు ఒక ఫలకం పెట్టారు. అదే ఏడాది కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం మొదటి సీపీ/ఎం వెర్షన్ల సోర్స్ కోడ్‌ని బయటపెట్టింది. 2016లో ఆయన పిల్లలు ఆ జ్ఞాపకాల్లో మొదటి భాగాన్ని అందరికీ ఇచ్చారు.

మనకి ప్లేస్‌మెంట్ సీజన్ వస్తోంది. మళ్ళీ ఎవరో ఒకరు ఈ కథ చెప్తారు, గెలిచినవాడు ఒకడు, ఓడినవాడు ఒకడు అని. అప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఎన్నో ఏళ్ళ కిందటి ఫ్లాపీలోంచి ఎవరి ఉత్తరాన్నో, ఎవరి థీసిస్‌నో బయటికి తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నలు ఆయన పట్టికలో ఉన్నవే: ట్రాకులెన్ని, సెక్టార్లెన్ని, బ్లాక్ ఎంత. సీపీ/ఎం నడిపే సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. మొత్తం సిస్టమ్ కొన్ని కిలోబైట్లే, మన వాట్సాప్ స్టిక్కర్ కంటే చిన్నది. ఒక ఆదివారం కూర్చుంటే ఇన్‌స్టాల్ అయిపోతుంది. తెర మీద ఏ అక్షరం, పక్కన బాణం గుర్తు వస్తాయి. మన సీ డ్రైవ్‌కి అక్కలిద్దరిలో పెద్దది అదే.